తాడు పట్టినవాడు

ఓబులేసు చేతికి తాడు వచ్చిన మూడు నెలల్లో పదకొండు మంది కొత్తవాళ్ళు నిట్రాయి బండ ఎక్కారు. ఎక్కలేక మధ్యలోంచి వెనక్కి దిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది మళ్ళీ సంఘం వైపు తిరిగి చూడలేదు.

ఇదేం వింతో అతనికి అంతుపట్టలేదు. ఓడిపోయినవాడు మొహం చాటేస్తే అర్థముంది. గెలిచినవాడు ఎందుకు చాటేస్తాడు?

సంఘమంటే బోర్డులూ కుర్చీలూ ఉన్న సంఘం కాదు. కొండనడక సంఘం అని తమకు తామే పేరు పెట్టుకున్న పాతిక మంది. వారం విడిచి వారం, ఆదివారం తెల్లవారుతూనే తుమ్మలపేట బస్టాండులో కలుస్తారు. తలా ఒక నీళ్ళ సీసా, తలా ఒక టిఫిన్ డబ్బా. ఊరు దాటితే నాలుగు మైళ్ళ బోడిమిట్ట. చెట్టూ చేమా లేని ఎత్తునేల, మోకాలెత్తు గడ్డి, చెవులు మూసుకోవలసినంత గాలి. కబుర్లు చెప్పుకుంటూ ఆ మిట్ట దాటి అవతలి అంచుకు చేరితే అక్కడ రాతిబండలు మొదలవుతాయి. వాటిలో అన్నిటికంటే ఎత్తైనది నిట్రాయి. దూరం నుంచి ఇంటికి నిలబెట్టిన నిట్రాయి స్తంభంలాగా నిటారుగా కనబడుతుంది. దగ్గరికి పోతే ముందు ముఖం కాస్త ఏటవాలుగా ఉందని తెలుస్తుంది. ఆ కాస్తను నమ్ముకునే మనుషులు ఎక్కుతారు.

వెనకవైపు మేకల బాట కూడా ఉంది. రెండు కాళ్ళున్నవాళ్ళెవరైనా పావుగంటలో పైకి పోవచ్చు, నాలుగు కాళ్ళున్నవి ఇంకా ముందే పోతాయి. అయినా సంఘంవాళ్ళు ముందు ముఖం మీదనుంచే ఎక్కుతారు. ఎందుకని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు.

ఎక్కేవాళ్ళ నడుముకు తాడు కడతారు. దాని రెండో కొస బండ మీద కూర్చున్నవాడి చేతిలో ఉంటుంది. కిందివాళ్ళు ఒక అడుగు పైకి వస్తే పైవాడు ఆ అడుగు తాడు లోపలికి తీసుకుంటాడు. కాలు జారితే బిగబట్టుకుంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పని హుస్సేన్ పీరా ఉస్తాద్‌ది.

ఉస్తాద్ పుట్టుకతో కొండలెక్కే మనిషేమీ కాదు. బావులు తవ్వే ఇంటివాడు. అరవై అడుగుల లోతులో మనుషులు తవ్వుతుంటే గట్టు మీద మోకు పట్టుకుని నిలబడటం అతని పని. తర్వాత బోర్లు వచ్చాయి, బావులకు కాలం చెల్లింది. ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో ఇద్దరు కాలేజీ విద్యార్థులు బండలెక్కడానికి వచ్చి, తాడు పట్టే మనిషి కావాలని బజారులో అడిగితే ఊరంతా ఇతని పేరే చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇతను బండ మీదే ఉండిపోయాడు. ఎంత చదివావని ఎవరైనా అడిగితే "మోకు దాకా" అంటాడు. సాయంత్రాలు ఊరి బయటి దర్గాలో దీపం పెట్టి, తన దగ్గరికి వచ్చి కష్టం చెప్పుకున్నవాళ్ళకు తల ఊపి, ఇంటికి పోతాడు. అతనిలో ఒక గుణముంది. అడగకుండా ఏదీ చెప్పడు. అడిగితే అసలే చెప్పడు.

ఉస్తాద్ తాడు పట్టిన కాలంలో కొత్తగా వచ్చినవాళ్ళలో సగం మంది మధ్యలోంచే దిగిపోయేవాళ్ళు. రెండు వారాల తర్వాత బస్టాండులో అందరికంటే ముందు వచ్చి నిలబడేదీ వాళ్ళే.

ఈ మధ్య ఉస్తాద్‌కు మోకాళ్ళు పట్టేశాయి. ఒక ఆదివారం పొద్దున మిట్ట మీద నడుస్తూ నడుస్తూ భుజం మీది తాడు చుట్ట తీసి ఓబులేసు భుజానికి తగిలించాడు. "ఇంక నువ్వు పట్టు" అన్నాడు. పదవి అప్పగింత అంతటితో అయిపోయింది.

ఓబులేసు కరెంటు లైన్‌మన్. ముప్పైకి దగ్గర పడుతున్నాడు. ఎవరింట్లో దీపం ఆరినా పక్కింటివాళ్ళకంటే ముందు వచ్చి స్తంభమెక్కే రకం. గాలివాన రోజున ఊళ్ళో ఒక్క ఇల్లు చీకట్లో ఉన్నా అతనికి ముద్ద దిగదు. అలాంటివాడికి తాడిస్తే ఎవరినైనా కింద మిగలనిస్తాడా? కిందివాళ్ళు ఎక్కడైనా ఆగితే చాలు, తాడు బిగించి ఒక పట్టు పడతాడు. ఇంకా ఆగితే ఇంకో పట్టు. చేతుల్లో బలముంది, మనసులో జాలి ఉంది. ఈ రెండూ కలిస్తే ఎంతటి బరువైనా పైకి రావలసిందే. లోపల ఎక్కడో కాస్త గర్వం కూడా లేకపోలేదు. ఉస్తాద్ సగం మందిని దించేవాడు, తాను అందరినీ ఎక్కిస్తున్నాడు.

ఆ గర్వానికి మొదటి దెబ్బ నాగరత్నమ్మ కొట్టింది.

నాగరత్నమ్మ ఊరి చివరి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. యాభై దాటిన మనిషి. ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా, మిట్టకు ఆ చివర, నిట్రాయి ముందు ముఖం కనబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా పొయ్యి ముందు నిలబడి సంగటి కెలుకుతూ ఆ బండనే చూస్తోంది. ఎండ ఏ వేళకు దాని మీద ఎంత మేర పడుతుందో ఆమెకు తెలుసు. హాస్టల్ పిల్లలు ఒక జత బూట్లూ ఒక ట్రాక్ ప్యాంటూ తెచ్చిచ్చి బలవంతపెడితే, ప్యాంటు మీద చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఒక ఆదివారం సంఘంలోకి వచ్చింది.

బండలో సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ గూడులాంటి చోటు ఒకటుంది, ఒక మనిషి ఆనుకుని నిలబడవచ్చు. దాని పైన బొటనవేలు వెడల్పు అంచు తప్ప ఇంకేమీ ఉండదు. గూట్లో నిలబడి ఆమె పైకి చూసింది.

"కాసేపు చూసుకోనీ నాయనా" అంది.

"భయం లేదక్కా, నేనుండా గదా" అని ఓబులేసు తాడు బిగించాడు.

ఆమె కాళ్ళు బండను వదిలాయి. రెండు నిమిషాల్లో పైన ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

సంఘంలో ఒక ఆచారముంది. తాడు మీద మనిషి ఉన్నంతసేపు ఎవరూ డబ్బా మూత తియ్యకూడదు. ఎవరైనా మొదటిసారి బండ ఎక్కితే అందరి డబ్బాల్లోంచీ తలా ఒక ముద్ద తీసి ఆ మనిషి మూతలో పెట్టాలి. మొదటి ముద్ద అంటారు దాన్ని. ఆ రోజు నాగరత్నమ్మ మూతలో ఉగ్గాని, పులిహోర, చపాతీ ముక్క, ఎవరిదో బెల్లం గవ్వ, అన్నీ చేరాయి. మెతుకు పారెయ్యని మనిషి ఆమె. రెండు ముద్దలు తిని మిగిలింది మూతపెట్టి పక్కన ఉంచింది. అందరికీ దండం పెట్టి, మేకల బాట పట్టి దిగిపోయింది.

తర్వాతి విడతకు ఆమె రాలేదు. ఆ పై విడతకూ రాలేదు. పైన చెప్పిన తొమ్మిది మందిలో తొమ్మిదో మనిషి ఆమె.

ఓబులేసు ఉండబట్టలేక హాస్టల్ వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు. ఆమె చేటలో కందిపప్పు ఏరుతోంది.

"ఏమక్కా, రావడమే మానేసినావు? ఒళ్ళు బాగలేదా?"

"ఒంటికేం నాయనా, గుండ్రాయి మాదిరి ఉండాది. పనుంది."

"ఆదివారం పిల్లోళ్ళు ఊర్లకు పోతారు గదా. పనేముంటాది? ఎక్కినోళ్ళెవురూ మల్లా రాకపోతే నాకు దిగులుగా ఉండాదక్కా."

ఆమె చేట కింద పెట్టింది. "నేను యాడ ఎక్కితి? నన్ను నువ్వు తెచ్చినావు. పైకి తేవడమే అయితే మేకల బాట లేదా నాయనా?"

కోపంగా అనలేదు. పప్పులో రాయి దొరికితే తీసి పక్కన పడేసినట్టు అని, మళ్ళీ చేట అందుకుంది. కూర్చోమని మజ్జిగ కూడా ఇచ్చింది. ఓబులేసు మజ్జిగ తాగాడు కానీ ఆ మాట మింగుడు పడలేదు. మంచికి పోతే చెడు ఎదురైందని బాధపడ్డాడు. తిన్నగా దర్గాకు పోయాడు.

ఉస్తాద్ అరుగు మీద కూర్చుని దీపం కుండకు వత్తులు చేస్తున్నాడు. ఓబులేసు జరిగిందంతా చెప్పాడు. చివర్న అడిగాడు.

"మీరు దించినోళ్ళు మల్లా వచ్చేవోళ్ళు. నేను ఎక్కించినోళ్ళు రావడంల్యా. నా చేతిలో తప్పేముందో చెప్పండి ఉస్తాద్."

ఉస్తాద్ వత్తి ఒకటి పూర్తి చేసి వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు.

"ఈ ఆదివారం పొట్ట ఎక్కుతావా?" అన్నాడు. "నేను తాడు పడతా."

"మీ మోకాళ్ళు..."

"మేకల బాటన పోతా. నిదానంగా."

ఓబులేసు తన ప్రశ్న సంగతే మర్చిపోయాడు. అతని ప్రాణమంతా ఆ పొట్ట మీద ఉంది మరి.

నిట్రాయికి ఉత్తరం పక్క బండ ఒకచోట బాన కడుపులాగా ముందుకు ఉబ్బి ఉంటుంది. దాన్నే పొట్ట అంటారు. సంఘంలో ఇంతవరకూ ఎవరూ దాన్ని దాటలేదు. ఓబులేసు రెండేళ్ళుగా దాని మీద పడ్డాడు. కుడి చెయ్యి పగుల్లో, ఎడమ కాలు నల్ల మచ్చ మీద. అక్కడిదాకా వస్తాడు. ఆ తర్వాతి పట్టు సరిగ్గా జానెడు దూరంలో ఉంటుంది. ప్రతిసారీ అక్కడే జారి తాడుకు వేలాడేవాడు. పైనుంచి ఉస్తాద్ ఒక్క మాట అనకుండా దించేవాడు. ఇంట్లో గోడ మీద బొగ్గుతో ఆ పట్లు గీసుకుని, ఒంటికాలి మీద నిలబడి లెక్కలు వేసుకుంటుంటే అతని భార్య సుంకమ్మ "ఏంది సామీ, కొంగ జపమా?" అనేది. సున్నం వేసినా ఆ బొగ్గు గీతలు మళ్ళీ మళ్ళీ పైకి తేలేవి.

ఆదివారం వచ్చింది. మిట్ట మీద గాలి చల్లగా ఉంది. ఉస్తాద్ మేకల బాటన పైకి పోతూ పహిల్వాన్ ఖాసీంను, ఇంకో ముగ్గురు దిట్టమైనవాళ్ళను తోడు రమ్మన్నాడు. మోకాళ్ళ నొప్పి కదా, ఆసరాకు కాబోలని ఓబులేసు అనుకున్నాడు.

తాడు నడుముకు బిగించుకుని మొదలుపెట్టాడు. ఆ రోజు ఒళ్ళు తేలిగ్గా ఉంది. పగులు దొరికింది, నల్ల మచ్చ దొరికింది. పొట్టకు కడుపు ఆనించి నిలబడ్డాడు. ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. ఎప్పటిలాగే జానెడు తక్కువ. ఊపిరి తీసుకున్నాడు. రెండేళ్ళలో ఎన్నడూ తట్టనిది అప్పుడు తట్టింది. ఎడమ తుంటిని బండవైపు తిప్పి చూశాడు. భుజం పైకి లేచింది. చెయ్యి పెరిగింది. వేళ్ళు రాతి మీద పాకుతూ పోయాయి, నడిమి వేలి కొస అంచుకు తగిలింది. గరుకుగా, చల్లగా ఉంది. ఇంకొక్క అంగుళం. అతని లోపల సంతోషం బుస్సున పొంగింది.

అప్పుడే తాడు బిగిసింది.

కాళ్ళు బండను వదిలాయి. ఏం జరుగుతోందో తెలిసేలోపే పొట్ట అతని ముక్కు ముందునుంచి కిందికి జారిపోయింది. పైన నలుగురు కలిసి తేరు లాగినట్టు లాగుతున్నారు. వాళ్ళ ముందు ఉస్తాద్ కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ఓబులేసు నిట్రాయి నెత్తిన బోర్లా పడి ఉన్నాడు.

"ఎక్కినావు" అన్నాడు ఉస్తాద్. "పొట్ట ఎక్కిన మొదటోడివి నువ్వే. కూర్చో బేటా."

చప్పట్లు మోగాయి. డబ్బాల మూతలు తెరుచుకున్నాయి. తలా ఒక ముద్ద ఓబులేసు మూతలో చేరింది. ఖాసీం తన వంతుగా ఒక పెద్ద కీమా ఉండ పెట్టాడు. ఓబులేసు మూతను చూశాడు, ఉస్తాద్‌ను చూశాడు. సంఘంలో చేరిన ఎనిమిదేళ్ళలో ఎన్నడూ ఉస్తాద్ ముందు పైకి లేవని గొంతు ఆ రోజు లేచింది.

"ఎందుకు లాగినారు?"

"చిక్కుకోని నిలబడినట్లుంటే, సాయం చేద్దామని."

"నేను అడిగితినా సాయం? నాకు దొరికింది ఉస్తాద్. వేలు తగిలింది. రెండేండ్ల నుంచి దొరకంది ఈ పొద్దు దొరికింది. ఒక్క నిమిషం ఊరికే ఉండుంటే నేనే వచ్చేవోణ్ణి."

"అట్లనా" అన్నాడు ఉస్తాద్. "పైనుంటే ఏం తెలుస్తాది? మనిషి ఆగినాడని తెలుస్తాది. ఎందుకు ఆగినాడో తెలీదు. పోనీలే, పైకి వచ్చినావు గదా. తిను."

"నేను యాడ వచ్చినా? మీరు తెచ్చినారు."

ఆ మాట అనేశాక ఓబులేసు ఆగిపోయాడు.

గాలికి డబ్బా మూతలు టకటకమన్నాయి. ఖాసీం నమలడం ఆపాడు. ఉస్తాద్ మాత్రం వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, పొట్టు గాలికి వదులుతూ, మిట్ట వైపు చూస్తున్నాడు. మొహం మీద ఏమీ లేదు. తాను చెయ్యవలసిన పని చేసేశానన్నట్టు కూర్చున్నాడు.

ఓబులేసు మూతలోని ముద్దలు ఒక్కొక్కటిగా తీసి ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చాడు. కీమా ఉండ తిరిగి ఇస్తే ఖాసీం ఏమాత్రం నొచ్చుకోకుండా నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు డ్యూటీ దిగి ఓబులేసు హాస్టల్ వంటింటికి పోయాడు. నాగరత్నమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఈ తూరి లాగను."

ఆమె తెడ్డు ఆపలేదు. "అంతా లాగనంటారు. మొగోళ్ళకు చేతులు ఊరుకుంటాయా?"

"ఊరుకోకపోతే నువ్వే తాడు ఇప్పేసుకో."

"నడిబండలో ఇప్పుకుంటే నా కూతురు నీమీద కేసు పెడతాది" అని నవ్వింది. "కూర్చో. రెండు ముద్దలు తినిపో."

తర్వాతి విడతకు ఆమె వచ్చింది. బస్టాండులో అందరికంటే ముందు వచ్చిందని చెప్పలేను, ఖాసీం ముందే ఉన్నాడు. రెండో మనిషి మాత్రం ఆమే.

మిట్ట దాటారు. ఆ రోజు ఉస్తాద్ కూడా నిదానంగా వెనకనుంచి పైకి చేరి, ఓబులేసు పక్కనే, వీపు అటు తిప్పి కూర్చున్నాడు. ఓబులేసు తాడును బండరాయికి ఒక చుట్టు, తన నడుముకు ఒక చుట్టు వేసుకుని కాళ్ళు చాపి కూర్చున్నాడు. కింద నాగరత్నమ్మ బండను చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని మొదలుపెట్టింది.

గూటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

ఓబులేసుకు ఆమె కనబడదు. తాడు ఒక్కటే కబురు తెస్తుంది. తాడు సన్నగా వణుకుతోంది. కాళ్ళు వణుకుతున్నాయన్నమాట. అతని చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. ఒక్క పట్టు పడితే పైకి వచ్చేస్తుంది. రెండు పట్లు పడితే అందరూ అన్నం తినవచ్చు. అతను పళ్ళ బిగువున చేతులను ఆపుకున్నాడు.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. తాడు మీద మనిషి ఉంటే డబ్బా తెరవకూడదు కదా. కింద నిలబడ్డవాళ్ళ కడుపుల్లో ఎలుకలు పరిగెత్తడం మొదలుపెట్టాయి.

"ఓ ఓబులేసన్నా, రవ్వంత పట్టప్పా" అని ఎవరో కేకేశారు.

"ఆకలి దంచుతాండాది, లాగబ్బా" అని ఖాసీం అందుకున్నాడు.

ఓబులేసు ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ వీపు కదల్లేదు.

తాడు ఒక్కసారి సాగి బిగిసింది. ఆమె అడుగు వేసి జారింది. ఓబులేసు నడుం మీద బరువు పడింది. పట్టుకున్నాడు. పట్టుకోవడంతో ఆపాడు. ఒక్క వేలెడు కూడా పైకి తియ్యలేదు. ఆమె కాళ్ళతో వెతుక్కుని మళ్ళీ గూట్లోకి చేరింది. తాడు వదులైంది. ఆ వదులును అతను జాగ్రత్తగా, చెయ్యంత మాత్రమే, లోపలికి తీసుకున్నాడు.

చాలాసేపటికి కిందనుంచి గొంతు వచ్చింది.

"నాయనా, ఉండావా?"

"ఉండానక్కా."

అంతే. కాలు ఇక్కడ పెట్టు, చెయ్యి అక్కడ పెట్టు అని నాలుక చివరిదాకా వచ్చిన మాటలు కూడా మింగేశాడు. ఆమె రెండోసారి అడుగు వేసింది. ఈసారి కాస్త పైకి పోయింది. తాడు మూడు జానలు లోపలికి వచ్చింది. అంతలో ఆమె మళ్ళీ జారింది. మళ్ళీ పట్టుకున్నాడు.

"ఉండావా?"

"ఉండా."

మూడోసారి ప్రయత్నించి, ఆమె గూట్లో నిలబడి అలసట తీర్చుకుంది. తర్వాత మామూలు గొంతుతో అంది. "ఈ పొద్దుకు చాలు నాయనా. దించు."

తాడు అందుకున్నాక ఓబులేసు మొదటిసారి ఒక మనిషిని దించుతున్నాడు. అదీ ఈమెను. కొంచెం కొంచెంగా తాడు వదిలాడు. ఆమె పాదాలు నేలకు ఆనేదాకా, తాడు పూర్తిగా తేలికయ్యేదాకా, ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

కింద ఏడుపో, నిట్టూర్పో వినబడుతుందనుకున్నాడు. వినబడింది మాత్రం తిట్లు. "యారా ఖాసీమూ, నా తాడు లాగమనేదానికి నువ్వెవురు? ఆకలైతే గడ్డి తిను, మిట్ట నిండా ఉండాది." ఆ తర్వాత నవ్వులు. ఆ తర్వాత ఆమె అందరినీ చుట్టూ చేర్చి బండకేసి చెయ్యి చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"కుడికాలు ముందు పెడితే ఒళ్ళు బయటికి తోస్తాండాది. ఎడమకాలు పెట్టల్ల. ఎడమకాలు పెట్టి, రొమ్ము బండకు ఆనించల్ల. మూడో తూరికి గానీ తెలీల్యా నాకు. ఒరే, వచ్చే వారం కాదు, ఆ పై వారం గదా మల్లా?"

"అవునక్కా" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఆ పొద్దు నేను ముందు ఎక్కుతా. ఎవురూ నాకంటే ముందు తాడు కట్టుకోవద్దండి."

డబ్బాలు తెరుచుకున్నాయి. ఆమె తెచ్చిన సంగటి ముద్దలూ చెనిక్కాయల ఊరిమిండి పచ్చడీ అందరి చేతుల్లోకీ పోయాయి. అందరికంటే ఎక్కువ తిన్నది ఆమే. పైనుంచి చూస్తున్న ఓబులేసుకు తెలియకుండానే పెదాల మీదికి నవ్వు వచ్చింది. ఆ రోజు కొత్తవాళ్ళెవరూ నిట్రాయి ఎక్కలేదు. అయినా మనసు నిండుగా ఉంది.

నడుం మీది చుట్టు విప్పుకున్నాడు. అప్పుడు గాని చేతుల సంగతి తెలియలేదు. వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. అరచేతులు ఎర్రగా కందిపోయి, మణికట్టు దాకా సలుపుతున్నాయి. ఊదుకుంటూ ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు.

"చేతులు మండిపోతాండాయి ఉస్తాద్. పదకొండు మందిని పైకి లాగినా ఏ పొద్దూ ఇంత నొప్పి లేదు."

ఉస్తాద్ అప్పుడు ఇటు తిరిగాడు. ఓబులేసు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటిగా సాగదీశాడు.

"లాగకుండా పట్టుకుంటే అంతే బేటా."